డాబా మీద ఊదా వెలుతురు

నాకు కోపం తొందరగా వస్తుంది. భయం అంతకన్నా తొందరగా వస్తుంది. ఈ రెండింటినీ పెట్టుకునే పద్నాలుగేళ్లుగా దోహాలో, అల్ ఘర్రాఫాలోని ఈ విల్లాకు క్యాంప్ బాస్‌గా నెట్టుకొస్తున్నాను. కంపెనీ అద్దెకు తీసుకున్న విల్లా ఇది. పదకొండు గదులు, నలభై ఒక్క మంది పనివాళ్లు. గదుల్లో హీటర్ పెట్టి వండొద్దు, పావురాలు పెంచొద్దు, డాబా మీద కుండీలు పెట్టొద్దు అని గోడకు కాగితం అంటించింది నేనే. కింద ‘రఫీయుద్దీన్, ఇన్‌చార్జ్’ అని సంతకం చేసిందీ నేనే. కిందటి రంజాన్‌లో మా వంటమనిషి, కడప తిరుపాలు, నూనె డబ్బాలో పుదీనా వేసుకుంటే డబ్బాతో సహా పట్టుకెళ్లి చెత్తలో పడేశాను. దోమలొస్తాయని నా వాదన. తిరుపాలు నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేను పట్టించుకోలేదు.

ఆ వారం మాత్రం నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంకో పది రోజుల్లో నా భార్య తహెరున్నీసా, కూతురు నూరైన్ విజిట్ వీసా మీద వస్తున్నారు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో వాళ్లు ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. మదీనత్ ఖలీఫాలో తెలిసినవాళ్ల ఇంట్లో నెలకు ఒక గది మాట్లాడాను. కొత్త దుప్పట్లు కొన్నాను, నచ్చక మార్చాను, మళ్లీ మార్చాను. ఏ చిన్న తేడా వచ్చి ఆ ప్రయాణం ఆగిపోతుందోనని రోడ్డు దాటడానికి కూడా జంకుతున్నాను.

అలాంటి రోజుల్లో ఒక బుధవారం మధ్యాహ్నం మెట్ల పక్క గోడ మీద తడి మరక కనిపించింది. ఎక్కడో ఏసీ నీళ్లు కారుతున్నాయని ఆ మరక వెంబడే పైకెక్కి డాబా దాకా వెళ్లాను. డాబా మీద ఉన్నది ఒకటే గది, పాత పరుపులు పడేసుకునే స్టోర్. దానికో ముసలి ఏసీ ఉంది, ఏళ్ల తరబడి ఎవరూ వేయలేదు. ఇప్పుడది గుర్రుమని నడుస్తోంది. తలుపు కింది సందులోంచి ఊదా రంగు వెలుతురు వస్తోంది.

ఆ గది తాళంచెవి రెండు నెలల కిందట పోశన్న తీసుకున్నాడు. పెట్టెలు పెట్టుకుంటానన్నాడు, ఇచ్చాను. పోశన్న అడిగితే నేను దేనికీ కాదనను. జగిత్యాల దగ్గర పల్లె అతనిది, వయసు యాభై దాటింది, ఈ విల్లాలో ఎనిమిదేళ్లుగా ఉన్నాడు. కరోనా రోజుల్లో నన్ను పద్నాలుగు రోజులు గదిలో పెట్టి తలుపేస్తే, మూడు పూటలా పళ్లెం గడప దగ్గర పెట్టి, ‘తిన్న’ అని నేను లోపలి నుంచి అరిచేదాకా అక్కడే నిలబడినవాడు అతను. అల్ రువైస్ దారిలో ఉన్న ఒక కూరగాయల ఫారంలో పని. అక్కడ అంతా అద్దాల కింద, లైట్ల కింద పండిస్తారు. పోశన్న డ్యూటీ మాత్రం ట్రేలు కడగడం, నేల ఊడవడం. ఇప్పుడు ట్రేలు కడిగే మిషన్ వచ్చింది. నెలాఖరుకు నలుగురిని ఇంటికి పంపుతున్నారు, ఆ నలుగురిలో అతని పేరుంది.

నా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాను. చల్లటి గాలి మొహాన కొట్టింది. పరుపులన్నీ ఒక మూలకు నిలబెట్టి ఉన్నాయి. గోడల నిండా బిర్యానీ పార్సిళ్ల వెండి కాగితం అంటించి ఉంది. కప్పు నుంచి గొలుసులతో నాలుగు పొడుగాటి లైట్లు వేలాడుతున్నాయి. వాటి కింద ఆరు పెద్ద ట్రేలు, ట్రేల నిండా మొక్కలు. మొక్కలకు జానెడు ఎత్తులో చేపల వల అడ్డంగా బిగించి కట్టి ఉంది. ప్రతి మొక్క తలా తుంచేసి, పక్క నుంచి వచ్చిన కొమ్మలన్నిటినీ వల కళ్లలోంచి దూర్చి వంచి కట్టారు. పైనుంచి చూస్తే నవారు మంచంలా ఒకటే మట్టం. ఒక్కో ఆకుకు ఐదు వేళ్లు, కొన్నింటికి ఏడు, అంచులు రంపం పళ్లలా ఉన్నాయి.

ఆ ఆకు బొమ్మ ఎక్కడ చూశానో గుర్తుంది. ఎయిర్‌పోర్టు హెచ్చరిక బోర్డు మీద చూశాను.

తలుపు వేసి ఎలా కిందికి వచ్చానో నాకు తెలియదు. నా గదిలో గడియ పెట్టుకుని ఫోన్‌లో వెతికాను. ఊదా లైట్లు, గదిలో మొక్కలు, వల, ఐదు వేళ్ల ఆకు అని తోచినవన్నీ కొట్టాను. మొదట వచ్చిన పేజీ చూసి లేచి గడియ మళ్లీ సరిచూసుకున్నాను. ఇంట్లో గంజాయి వేసి ఎక్కువ దిగుబడి తీయడం ఎలాగో ఎవడో పనిలేనివాడు బొమ్మలతో సహా రాసి పెట్టాడు. తలలు తుంచాలట. కొమ్మలు వంచి వలకు కట్టాలట. పైనంతా మట్టంగా ఉంటే లైటు అన్ని కొమ్మలకూ అందుతుందట. వాసన బయటికి పోకుండా మిషన్ పెట్టాలని కూడా ఉంది. పై గదిలో నాకు ఏ వాసనా రాలేదు. అంటే పోశన్న ఆ మిషన్ కూడా ఎక్కడో పెట్టేశాడని తేల్చుకున్నాను.

అప్పుడు తట్టింది, ఆ పేజీ చూసింది నా ఫోన్‌లో, నా ఐడీ మీద తీసుకున్న సిమ్‌తో అని. గబగబా హిస్టరీ చెరిపేశాను. చెరిపినట్టు కూడా తెలిసిపోతుందేమోనని మళ్లీ భయపడి, దోహా వాతావరణం, క్రికెట్ స్కోరు, మటన్ మసాలా అని వరసగా వెతికాను. మటన్ మసాలా చూస్తే పోలీసులు నన్ను మంచివాడనుకుంటారని నా ఆశ.

నెల కిందట పక్క గల్లీలో పోలీసు బండ్లు ఆగడం నా కళ్లారా చూశాను. తప్పు చేసినవాణ్ణి ఒక్కణ్ణే ఎక్కించుకోలేదు. పక్క మంచంవాణ్ణీ, తాళంచెవులు పెట్టుకున్నవాణ్ణీ కూడా ఎక్కించుకున్నారు. ఇక్కడ తాళంచెవుల గుత్తి నా నడుముకే ఉంది.

సాయంత్రం తహెరున్నీసా వీడియో కాల్ చేసింది.

“ఏంది, మొహం అట్లున్నది? తబియత్ బాగలేదా?” అంది.

“బాగుంది.”

“అచ్చా, సామాన్ సర్దుతున్న. అంబాడా అచార్ తెస్త ఒక డబ్బా. నీకిష్టం గదా.”

“ఏం వద్దు! ఆకులు, అలాలు ఏం తేవొద్దు. ఎయిర్‌పోర్ట్‌ల ఆపుతరు,” అని అరిచాను.

“అచార్‌కు ఎవరాపుతరు జీ?” అని ఆమె తెల్లబోయింది. నూరైన్ వెనక నుంచి నవ్వింది. నేను ఫోన్ పెట్టేశాను. ఆ మొక్కల ఫోటో ఒకటి తీసి ఆమెకు చూపించి ఉంటే కథ అక్కడే తీరిపోయేది. కానీ ఫోటో తీసే ధైర్యం ఎక్కడిది నాకు!

గురువారమంతా ఒక్కచోట కూర్చోలేకపోయాను. కంపెనీకి చెప్తే పోశన్న బతుకు అక్కడితో సరి. ఏళ్లకు ఏళ్లు లోపల పెడతారు. ఊళ్లో అతని భార్య భూమవ్వకు ఆ మాట ఎవరు చెప్పాలి? చెప్పకపోతే నా బతుకు సరి. పది రోజులు తొమ్మిదయ్యాయి. మెట్లెక్కడం, సగం నుంచి దిగడం, మళ్లీ ఎక్కడం. తిరుపాలు వంటగదిలోంచి చూసి, “ఏమప్పా, కాళ్లల్లో చీమలు దూరినాయా?” అన్నాడు. వాడి మీద ఊరికే కేకలేశాను.

సాయంత్రం నాలుగున్నరకు బస్సు దిగిన పోశన్నను గేటు దగ్గరే పట్టుకున్నాను.

“పైన స్టోర్‌ల ఏం పెట్టినవ్ పోశన్నా?”

అతను అటూ ఇటూ చూశాడు. ఆ చూపు నా గుండెల్లో దిగింది.

“రేపు తెలుస్తది భాయ్. నీకే ముందుగాల జూపెడ్త. ఇయ్యాల మాత్రం అడుగకు,” అన్నాడు. “రేపు మూడు గంటల అసర్ నమాజ్ అయినంక ఒక సాబ్ వస్తడు చూసిపోనీకి. ఆయనకు నచ్చిందంటే నా బతుకే మారుతది. ఇంటికి పోవుడు ఉండది.”

“ఏ సాబ్? ఎవరతను?”

“రేపు భాయ్, రేపు,” అని నవ్వుతూ భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గోడ మీది నా కాగితం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకు అర్థం ఇప్పుడు తెలుసు. కుండీలు పెట్టొద్దని రాసినవాడికి ముందే చెప్తే పుదీనా గతే పడుతుందని అతని భయం. అప్పుడు నాకు అర్థమైంది వేరు. కొనేవాడు రేపు వస్తున్నాడు, మా గేటులోంచే వస్తున్నాడు అని.

అడగాల్సింది. ఇది గంజాయేనా అని ఒక్క మాట మొహం మీద అడగాల్సింది. అడిగితే ‘అవును’ అంటాడేమోనని అడగలేదు. అవునంటే నేనూ తెలిసినవాణ్ణి అయిపోతాను. తెలియనట్టే మొక్కలు మాయమైతే ఇద్దరం బతుకుతాం. పిరికివాడికి తన పిరికితనం తెలివిలాగే కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి పోశన్న కటింగ్ చేయించుకోవడానికి బయటికి వెళ్లాడు. నేను వంటగదిలోంచి పెద్ద కత్తెర, రెండు నల్ల చెత్తసంచులు తీసుకుని డాబా ఎక్కాను.

వేళ్లతో సహా పీకేద్దామనుకున్నాను. వల అడ్డం వచ్చింది. ఒక్కో కొమ్మనూ ఆ కళ్లలోంచి విడదీయడం నా వల్ల కాలేదు. అందుకే వల కింద చేయి దూర్చి, దొరికినచోటల్లా కాడలు కత్తిరించుకుంటూ పోయాను. కాడల మీద సన్నటి ముళ్లు, చేతులు గీసుకుపోయాయి. కొమ్మలను వలకు కట్టిన పీలికలు చూస్తే గుర్తుపట్టాను. పోశన్న పాత నీలం లుంగీ అది. ఒక్కో ముడీ కొమ్మ నలగకుండా వదులుగా వేసి ఉంది. ఏడుపొచ్చింది నాకు. ఏడుస్తూనే కోశాను. ఆరు ట్రేలూ అయ్యేసరికి గంట పట్టింది. జానెడు మోళ్లు మాత్రం మిగిలాయి, వాటి మీద ఫినాయిల్ పోస్తే పని పూర్తవుతుంది.

సంచులు రెండూ మూతి కట్టి, గల్లీ చివర పెద్ద చెత్తతొట్టిలో వేసొచ్చాను. బయట అప్పటికే నలభై డిగ్రీలు. వెనక్కి వచ్చి బాత్రూంలో ఫినాయిల్ డబ్బా తీసుకుని మళ్లీ మెట్లెక్కుతూ, చెమట పెదవుల మీదికి కారుతుంటే అరచేత్తో మూతి తుడుచుకున్నాను.

పుల్లగా ఉంది.

ఆగిపోయాను. ఇంకోసారి అరచేయి నాకాను. పులుపు. చొక్కా చేతికి ఒక ఆకు ముక్క అతుక్కుని ఉంది. తీసి నోట్లో వేసుకుని నమిలాను. అంబాడా! పోశన్న వాళ్ల పుంటికూర, తిరుపాలు వాళ్ల గోంగూర. శాలిబండలో మా ఇంట్లో మా అమ్మ వారం వారం మటన్ గోష్త్‌లో వేసి వండింది, పెళ్లయ్యాక తహెరున్నీసా వండింది. ముద్దగా గిన్నెలో చూడటమే తప్ప, మొక్క మీద ఆ ఆకు ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూసినవాణ్ణి కాదు. బజారు నుంచి కట్టలు వచ్చేవి, ఆడవాళ్లు ఆకు దూసేవాళ్లు, నేను చేయి కడుక్కుని కూర్చునేవాణ్ణి.

ఫినాయిల్ డబ్బా మెట్ల మీదే వదిలి పరుగెత్తాను. గల్లీ మలుపు తిరిగేసరికి చెత్తబండి తొట్టిని ఎత్తి వంచుతోంది. “రుకో! రుకో భాయ్!” అని అరిచాను. నేపాలీ కుర్రాడు మీట ఆపేలోపే ఒక సంచి లోపలికి పడి, బండి దాన్ని నమిలేసింది. రెండోది అంచుకు వేలాడుతోంది. కాలు తొట్టి మీద పెట్టి దాన్ని లాక్కున్నాను. పట్టు తప్పి సంచితో సహా రోడ్డు మీద కూలబడ్డాను.

తలెత్తితే ఎదురుగా పోశన్న ఉన్నాడు. కొత్త కటింగ్, నున్నటి గడ్డం, చేతిలో తూకం వేసే స్ప్రింగ్ కాటా.

“ఏమైంది భాయ్? కిందవడ్డవా?” అని లేపబోయాడు. సంచి మూతి ఊడింది. ఆకు బయటికి వచ్చింది. అతని చేయి నా భుజం మీదే ఆగిపోయింది.

“నేనే కోసిన,” అన్నాను. “పోశన్నా, నేను... నేను గంజా అనుకున్న.”

అతను వంగి ఒక కొమ్మ తీసి, ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు, అదేదో తనకే అనుమానం వచ్చినట్టు. నమిలి మింగాడు.

“గంజా,” అన్నాడు మెల్లగా. “నేను.”

“లైట్లు, వల, అన్నీ ఫోన్‌ల అట్లనే ఉన్నయి. భయమైంది. నా బీవీ, బిడ్డ వస్తున్నరు...”

“ఆకు తెంపి నోట్లేసుకుంటె తెలుస్తుండె గద భాయ్. మా దిక్కు చిన్న పోరగాండ్లు గూడ గట్లనే జూస్తరు.” అతని గొంతు పెరగలేదు. “ఆకు సంగతి ఇడిసిపెట్టు. నన్నడుగచ్చు గద. ఎనిమిదేండ్లాయె.”

అతను జవాబు కోసం ఆగలేదు. సంచి భుజాన వేసుకుని నడిచాడు.

పైకి వెళ్లి మోళ్లను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వచ్చేది ఎవరో అప్పుడు చెప్పాడు, నాకు కాదు, ట్రేలకు చెప్తున్నట్టు. ఫారంలో సూడాన్ నుంచి వచ్చిన ఇంజనీర్ ఒకాయన ఉన్నాడట. ఆ సాబ్ తీసేసిన పాత లైట్లు నాలుగు ఇచ్చి, ‘ఎండాకాలంలో ఇక్కడ దొరకని పంట ఏదైనా లోపల పండించి చూపించు, నిన్ను ఉంచుకుంటా’ అన్నాడట. వల అల్ రువైస్‌లో చేపలు పట్టేవాళ్లు ఇచ్చారు. గింజలు భూమవ్వ పంపింది. తలలు తుంచడం ఊళ్లో పత్తికి చేసిన పనే. ఒక మొక్కకు ఒక కొమ్మ బదులు ఆరు కొమ్మలొస్తే ఆకు ఆరింతలని అతని లెక్క.

“మొదళ్లు మిగిలినయి,” అన్నాడు చివరికి. “జానెడు ఇడిసిపెట్టే కోసినవ్. మేము గూడ గట్లనే కోస్తం, మల్ల ఇగురు వెడ్తది. తిరుపాలును పిలువు. ఐసు తెమ్మను.”

తిరుపాలు వచ్చి, సంగతి విని, నా వైపు ఒక చూపు చూశాడు. పుదీనా డబ్బా ఆ చూపులో ఉంది. ముగ్గురం వాడిన కొమ్మలను ఐసు నీళ్లలో ముంచాం. జుమ్మా నమాజ్‌కు వెళ్లి వచ్చాను, నమాజ్‌లో ఏం చదివానో గుర్తు లేదు. వచ్చేసరికి ఆకు తేరుకుంది. పోశన్న కాటాకు తగిలించి తూచాడు. మిగిలిన ఒక్క సంచే ఐదు కిలోల ఎనిమిది వందలు తూగింది.

అసర్ తర్వాత ఇంజనీర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా. పోశన్నకు వచ్చిన హిందీ కొంచెం, అరబీ ఇంకా కొంచెం. మాట్లాడాల్సింది నేనే. ఆయన ఖాళీ ట్రేలు, మోళ్లు చూసి, “మొక్కలేవి?” అన్నాడు.

నేను నోరు తెరిచాను. నిజం చెప్పాలనే తెరిచాను. కానీ ఆ నిజంలో ఒక మాట ఉంది. ఆ మాట ఈ దేశంలో, ఒక ఇంజనీర్ ముందు, పోశన్న పేరు పక్కన పెడితే చెరపడానికి హిస్టరీ లాంటిది ఉండదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

“ఫస్ట్ కటింగ్ సాబ్,” అన్నాడు పోశన్న, నన్ను దాటి ముందుకొచ్చి. “ఆజ్ సుబహ్ కాటా. ఆధా తూచినం, ఆధా బాంట్ దియా.” నా వైపు చేయి చూపించాడు. “ఏ భాయ్ మదద్ కియా.” పొద్దున కోసి సగం పంచేశామట, కోతకు సాయం చేసింది నేనట.

ఇంజనీర్ బుట్టలోంచి ఒక ఆకు తీశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నోట్లో వేసుకుని నమిలాడు. మొహమంతా వెలిగింది. “కర్కదే!” అన్నాడు. వాళ్ల ఊళ్లో ఈ జాతి మొక్క పూలతో షర్బత్ చేస్తారట, ఆకు వాళ్ల అమ్మ వండేదట. ఎక్కడో సూడాన్ మనిషికి తెలిసింది, వారం వారం తిన్న నాకు తెలియలేదు. ఇంకో ఆకు తీసి నాకిచ్చాడు. అందరూ చూస్తుండగా నమిలాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఆరో రోజుకు మోళ్ల నిండా చిగురు వచ్చింది. ఇంజనీర్ మళ్లీ వచ్చి చూసి, నలుగురి లిస్టులోంచి పోశన్న పేరు కొట్టేయించాడు. ఫారంలో ఒక షెడ్ మూల అతనికి ఇచ్చారు, ఉండటానికి గది కూడా అక్కడే. గోడ మీది నా కాగితంలోంచి కుండీల వరుస నేనే చింపేశాను. తిరుపాలుకు పుదీనా డబ్బా కొనిచ్చాను. పోశన్న నాతో మామూలుగానే మాట్లాడాడు, తిన్నావా అంటే తిన్న అన్నాడు.

అతను వెళ్లేది శనివారం పొద్దున. ఆ మధ్యాహ్నమే తహెరున్నీసా విమానం. గేటు బయట ఫారం బండి ఆగి ఉంది. పోశన్న పెట్టె తెచ్చి నా కాళ్ల ముందు పెట్టాడు. పైన కాగితంలో చుట్టిన ఒక కట్ట. “ఇది భాభీకి. లేత ఆకు,” అన్నాడు.

తర్వాత వంగి పెట్టె తెరిచాడు.

విల్లా వదిలి వెళ్లే ఎవరి పెట్టె అయినా ఇన్‌చార్జ్ చూడాలన్నది రూలు. ఆ రూలు కూడా గోడ మీద నా సంతకంతోనే ఉంది.

“అరె, మూసెయ్ పోశన్నా. నీది నేను చూసుడేంది?”

“చూడు భాయ్. నీ డ్యూటీ గద.”

“వద్దంటున్న గదా.”

“చూసినంకనే పోత,” అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. కొత్త సూపర్‌వైజర్‌తో మాట్లాడినట్టు మర్యాదగా అన్నాడు. బండివాడు హారన్ కొట్టాడు. పోశన్న కదల్లేదు.

మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, లుంగీలో మిగిలిన నీలం ముక్క. అన్నిటికీ అడుగున ఒక చిన్న గుడ్డ మూట. దాన్ని ముట్టుకోకుండా పెట్టె మూయబోయాను.

“అది గూడ ఇప్పు,” అన్నాడు.

విప్పాను. భూమవ్వ పంపిన పుంటి గింజలు, బూడిద రంగువి, గుప్పెడు. మళ్లీ ముడి వేయబోతే రెండుసార్లు జారిపోయింది. అతనే తీసుకుని వేసుకున్నాడు.